మిడత రెక్క కీలు, మాస్టారి గొంతు

నా గొంతు చెడిందన్న సంగతిని అందరికన్నా ముందు పట్టుకున్నది, అనంతపురంలో మా వీధికి తోపుడు బండి మీద కూరగాయలు తెచ్చే ఆవిడ. “ఏం సార్, గొంతు యాడ పారేసుకొంటిరి?” అని ఆమె నవ్వుతూ అడిగిన నాటికి నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి 26 ఏళ్లు గడిచాయి. అరవై డెబ్భై మంది పట్టే గది, తల మీద కిరకిరమనే ఫ్యాను, కిటికీ అవతల బస్సుల హారన్లు, వీటన్నిటినీ దాటుకొని వెనుక బెంచీ దాకా పోవలసిన గొంతు. జలుబు అనుకొని మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, ఎండాకాలం సెలవుల్లో తగ్గుతుందిలే అని సరిపెట్టుకున్నాను. చివరకు చెవి ముక్కు గొంతు డాక్టరు కెమెరా పెట్టి చూసి, ఎడమ స్వరతంత్రి మీద చిన్న తిత్తి ఉందన్నారు. ఆపరేషను చేసి తీసేశారు. తిత్తి పోయింది గానీ దాని చోట మచ్చ మిగిలింది. “గాయం బాగానే మానింది సార్, ఆ మానిన తీరే మీకు ఇబ్బంది” అని ఆయన అన్న మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో నేను చదివినదంతా తిరిగి తిరిగి ఒకే చోటికి చేరింది. కీటకాల ఒంట్లో రబ్బరులా సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే రెసిలిన్ అనే ప్రొటీన్ ఒకటి ఉంది. దాన్ని ఆదర్శంగా పెట్టుకొని, మనిషి శరీరంలో చెడిపోయిన మెత్తని భాగాలను బాగుచేసే పదార్థాలను తయారుచేయాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. ఈ ప్రయత్నం మీద జనంలో రెండు రకాల మోజు కనిపిస్తుంది. ప్రకృతి ఇచ్చినది కనుక ఒంటికి పడుతుంది అన్నది మొదటిది. సాగదీయడానికి పెట్టిన శక్తిలో అది 97 శాతాన్ని తిరిగి ఇస్తుంది అనే అంకె రెండోది. రెండూ నన్ను మొదట మురిపించినవే. రెండూ నన్ను కొంతకాలం తప్పుదారి పట్టించాయని ఇప్పుడు అనుకుంటున్నాను. ఈ ప్రొటీన్ విలువ వేరేచోట ఉందన్నది నా వాదన. అదేమిటో చెప్పాలంటే ముందు గొంతు సంగతి, ఆ తర్వాత మిడత సంగతి చెప్పాలి.

స్వరతంత్రి అన్న పేరులో తంత్రి ఉంది కాబట్టి చాలామంది దాన్ని వీణ తీగ లాంటిదనుకుంటారు. నేనూ పిల్లలకు చాలాకాలం అలాగే చెప్పాను. నిజానికి అవి గొంతులో ఎదురెదురుగా ఉండే రెండు మెత్తని మడతలు. జపాన్ వైద్యుడు మినోరు హిరానో 1974లో వాటి నిర్మాణాన్ని పొరలు పొరలుగా విడదీసి వివరించాడు. అడుగున కండరం, దాని మీద గట్టి కొల్లాజెన్ పోగులున్న పొర, ఆ పైన సాగే ఎలాస్టిన్ పోగులున్న పొర, అన్నిటికన్నా పైన, పలుచని తొడుగు కింద, దాదాపు జున్నులా వదులుగా కదిలే పొర. కింది నుంచి ఊపిరి తోసినప్పుడు ఈ జున్ను పొర అలలా కదలాలి. మడతలు విడిపోయి మళ్లీ కలవాలి. మగవారి మాటలో ఇది సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవారి మాటలో సుమారు 200 సార్లు జరుగుతుంది. గంట పాఠంలో నిజంగా స్వరం పలికే సమయం 20 నిమిషాలే అనుకున్నా, ఒక్క పాఠానికి నా స్వరతంత్రులు 1,44,000 సార్లు ఢీకొని విడిపోయాయన్నమాట. రోజుకు మూడు పాఠాల చొప్పున 26 ఏళ్లు లెక్క వేయడానికి కాగితం తీసుకొని, సగంలో ఆపేశాను.

మచ్చ పడిన చోట ఆ జున్ను ఉండదు. దాని బదులు కొల్లాజెన్ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకొని, పై పొరను కింది పొరకు కుట్టేసినట్టు బిగించేస్తాయి. గాయం మూసుకోవడం ఒక్కటే శరీరానికి పట్టిన పని. అల కదలడం దాని లెక్కలో లేదు. అమెరికా శాస్త్రవేత్త ఇంగో టిట్జె 1988లో ఇచ్చిన ఒక సూత్రం నా అవస్థను నాకన్నా బాగా చెప్పింది. స్వరం మొదలు కావడానికి ఊపిరితిత్తుల నుంచి ఒక కనీస ఒత్తిడి కావాలి; స్వరతంత్రి కణజాలం తన కదలికలో ఎంత శక్తిని వృథా చేస్తే ఆ ఒత్తిడి అంతగా పెరుగుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాకు గొంతుకన్నా పక్కటెముకలు ఎక్కువ నొప్పి పెట్టడానికి కారణం ఇదే. నోట్లోంచి మాట రావడానికి నేను ఊపిరిని రెట్టింపు ఖర్చు పెడుతున్నాను.

ఇక మిడత. కీటకాల పైపొర గురించి ఏటా పాఠం చెబుతాను. కైటిన్ అనే పదార్థం గట్టిది, పైన మైనపు పూత ఉంటుంది, కీళ్ల దగ్గర ఈ సాగే రెసిలిన్ ఉంటుంది. రెసిలిన్‌కు పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది కాబట్టి నేనూ ఒక్క వాక్యమే చెప్పి ముందుకు పోయేవాణ్ణి. డెన్మార్క్‌కు చెందిన జంతుశాస్త్రవేత్త టోర్కెల్ వైస్-ఫో ఎడారి మిడత ఎలా ఎగురుతుందో పరిశీలిస్తూ, దాని రెక్క కీలులో రబ్బరులాంటి పదార్థాన్ని గుర్తించి 1960లో ప్రకటించాడు. ఎడారి మిడత సెకనుకు ఇరవై సార్ల దాకా రెక్క కొడుతుంది, అంటే గంటకు 72,000 సార్లు. ప్రతిసారీ రెక్కను ఆపి వెనక్కు తిప్పాలి. ఆ ఆపే శక్తిని కండరమే భరిస్తే పురుగు త్వరగా అలసిపోవాలి. కీలులోని రెసిలిన్ ఆ శక్తిని పట్టుకొని, మరుక్షణం వెనక్కు ఇచ్చేస్తుంది. తూనీగలో ఒక చిన్న స్నాయువు దాదాపు పూర్తిగా ఈ పదార్థంతోనే ఉంటుంది. వైస్-ఫో దాన్ని అసలు పొడవుకు రెట్టింపుకు పైగా లాగి వారాల తరబడి అలాగే ఉంచి వదిలితే, అది వెంటనే మొదటి పొడవుకు వచ్చేసింది. మన ఇళ్లలో చింతపండు డబ్బాకు చుట్టే రబ్బరు బ్యాండు ఒక ఎండాకాలానికే ఎలా వదులైపోతుందో తలచుకుంటే దీని గొప్పతనం తెలుస్తుంది.

మన దగ్గర మిడతలకు కొరత లేదు. 2020 మే నెలాఖరులో, ఉత్తరాదిన ఎడారి మిడతల దండు వార్తలు వస్తున్న రోజుల్లోనే, మా జిల్లాలోని రాయదుర్గంలో జిల్లేడు చెట్లను గుంపులుగా కమ్మేసిన పురుగులను చూసి రైతులు హడలిపోయారు. అవి ఎడారి మిడతలు కావని, జిల్లేడును తినే స్థానిక జాతి అని తర్వాత తేలింది. పసుపు, నీలి రంగుల చారలున్న ఆ రంగుల మిడతనే ఒకదాన్ని, చచ్చిపడి ఉండగా, కాలేజీకి తెచ్చి రెక్క మొదలు దగ్గర కోసి, రసాయనశాస్త్ర విభాగంలోని అతినీలలోహిత దీపం కింద పెట్టాను. కీలు దగ్గర గోరంత మేర లేత నీలం మెరుపు కనిపించింది. పిల్లలు ఫోన్లు తీశారు గానీ ఫోటోలో ఏమీ పడలేదు. ఆ నీలం ఎందుకు వస్తుందో చెబితే ఈ పదార్థం ఎలా పనిచేస్తుందో సగం చెప్పినట్టే.

ప్రొటీన్లు మామూలుగా మడతలు పడి ఒక స్థిరమైన ఆకారంలో ఉంటాయి. రెసిలిన్ గొలుసుకు అలాంటి ఆకారం లేదు. నీళ్లలో ఎటుపడితే అటు మెలికలు తిరుగుతూ ఉంటుంది. అందులో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. మడత కుదరనివ్వని ప్రోలిన్ మధ్యమధ్యలో వస్తుంది. గొలుసులో అక్కడక్కడ ఉండే టైరోసిన్లు పక్క గొలుసులోని టైరోసిన్లతో ముడిపడి, మొత్తాన్ని ఒక వలలా కట్టేస్తాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త స్వెండ్ ఓలవ్ ఆండర్సన్ 1960ల మొదట్లో కనిపెట్టిన ఈ జంట టైరోసిన్ ముడులే అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి. వలను లాగితే మెలికలు సాపు అవుతాయి. వదిలితే, చిందరవందరగా ఉండడమే ఆ గొలుసులకు సహజ స్థితి కనుక, మళ్లీ ముడుచుకుంటాయి. లోపల విరిగేది, తెగేది ఏమీ లేదు కాబట్టి శక్తి దాదాపు అంతా తిరిగి వస్తుంది, వేడిగా పోయేది మూడు శాతం దాకానే. అయితే దీనికి ఒక షరతు ఉంది. తడి ఉండాలి. నీళ్లు పోయిన రెసిలిన్ ఎండిన తుమ్మజిగురు ముక్కలా పుటుక్కున విరుగుతుంది. కరువు సీమలో పుట్టినవాణ్ణి కాబట్టేమో, ఈ షరతు నాకు మిగతా గుణాలన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది. నా డాక్టరు నాకు రాసిచ్చిన మందుల్లో మొదటిది కూడా నీళ్లే.

ఇంతదాకా విన్నవాళ్లు సాధారణంగా చేరుకునే అభిప్రాయం ఒకటుంది. దాన్ని మా చిన్నాయన అందరికన్నా సూటిగా చెప్పాడు. హిందూపురం దగ్గర పల్లెలో ఆయన ముప్పై ఏళ్లుగా పట్టుపురుగులు పెంచుతున్నాడు. మల్బరీ ఆకు కోయడం, చాకీ (చిన్న దశ) పురుగులు తెచ్చుకోవడం, జ్వరం (పొర విడిచే దశ) దాటిన పురుగులకు మేత వేయడం, చంద్రికల (వెదురు తట్టల) మీద గూళ్లు అల్లించడం, అన్నీ ఆ ఇంట్లో అందరికీ వచ్చు. “పురుగు ఇచ్చింది ఏదైనా ఒంటికి పడుతుందిలే అప్పా. పట్టుదారంతో కుట్లు వేయడం లేదా?” అన్నాడు. నేనూ తలూపాను. కానీ పట్టుదారం చరిత్రను కాస్త లోతుగా చూస్తే, అది ఆయన మాటకు సాక్ష్యం చెప్పే బదులు ఎదురు తిరుగుతుంది.

పట్టుగూటి దారంలో మూడు వంతులకు అటూ ఇటూగా ఫైబ్రోయిన్ అనే గట్టి ప్రొటీన్ ఉంటుంది, మిగతాది దాని చుట్టూ ఉండే సెరిసిన్ అనే జిగురు. ధర్మవరంలో చీర నేసే ముందు పట్టును సబ్బునీళ్లలో ఉడికించి ఆ జిగురును తీసేది మెరుపు కోసం, మెత్తదనం కోసం. ఆస్పత్రి కుట్టుదారం నుంచి దాన్ని తీసేది మరో కారణానికి. జిగురు పోని పట్టు ఒంట్లో పడితే చుట్టూ వాపు, ఎర్రదనం, కొందరిలో అలర్జీ వచ్చేవి. పురుగు గూటిని అల్లుకున్నది గాలికి, వానకు, పక్షులకు తట్టుకోవడానికి. మన ఒంటికి పడాలని కాదు. ఆ దారాన్ని మనకు పడేలా చేసింది ఉడికించడం, కడగడం, పరీక్షించడం. అంతా చేశాక కూడా అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం పట్టును కరిగిపోని దారాల జాబితాలోనే ఉంచింది, ఏడాది తిరిగేసరికి ఒంట్లో దాని బలం చాలావరకు పోతుందని తెలిసి కూడా. పురుగు ఇచ్చింది అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటే పట్టు ఆస్పత్రికి పనికివచ్చేది కాదు.

రెసిలిన్ విషయంలో చిన్నాయన మాట నిజానికి ఇంకా దూరం పోతుంది, ఎందుకంటే ఇక్కడ పురుగు అసలు ఏమీ ఇవ్వదు. పండ్ల ఈగలో రెసిలిన్ జన్యువును 2001లో గుర్తించారు. ఆస్ట్రేలియాలో క్రిస్ ఎల్విన్ బృందం ఆ జన్యువులోని మొదటి భాగాన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్‌ను తయారుచేయించి, దానికి రుథేనియం అనే లోహపు సమ్మేళనాన్ని, ఒక ఆక్సీకరణ రసాయనాన్ని కలిపి, తెల్లని కాంతి పడేలా చేసి, క్షణాల్లో రబ్బరుగా గట్టిపరిచి, 2005లో ఆ ఫలితాన్ని ప్రచురించింది. 97 శాతం అన్న అంకె జనంలోకి వెళ్లింది అప్పటినుంచే. ఈ పనికి ఏ ఈగ రెక్కా విరగలేదు. ఆ జన్యుభాగంలో 15 అమైనో ఆమ్లాల ఒక వరుస మళ్లీ మళ్లీ వస్తుంది: రెండు గ్లైసిన్లు, ఆర్జినిన్, ప్రోలిన్, సెరిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, సెరిన్, టైరోసిన్, గ్లైసిన్, అలనిన్, ప్రోలిన్, మూడు గ్లైసిన్లు, ఆస్పరజిన్. ఆ వరుస ఒకసారి చేతికి వచ్చాక అది జంతువు అవయవం కాదు, రాతప్రతి. అందులో అక్షరం మార్చవచ్చు, పాదం కలపవచ్చు, పునరుక్తిని పెంచవచ్చు. నా దృష్టిలో ఈ పదార్థం అసలు విలువ ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉత్త రెసిలిన్ మీద మనిషి కణాలు సరిగా అంటుకోవు. కణం తన చుట్టూ ఉన్న ప్రొటీన్ల మీద ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అక్షరాల చిన్న మాటను వెతుక్కొని పట్టుకుంటుంది. కీటకపు రబ్బరులో ఆ మాట ఉండవలసిన అవసరం లేదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీ కిక్ బృందం రెసిలిన్ వరుసల మధ్య ఆ మాటను చేర్చింది. దానితో పాటు, మన కణాలు పాత కణజాలాన్ని కొరికి తొలగించడానికి వాడే ఎంజైములు ఎక్కడ కొరకాలో గుర్తుపట్టే మరో మాటను, పెరుగుదల సంకేతాలను పట్టి ఉంచే హెపరిన్‌ను అంటుకొనే ఇంకో మాటను కూడా చేర్చింది. అంటే సాగే గుణం కీటకానిది, కణాలు పట్టుకునే మాట మనిషిది, ఎప్పుడు ఎలా కరిగిపోవాలో చెప్పేది కూడా మనిషిదే. ఆ బృందం దృష్టి పెట్టిన అవయవాల్లో స్వరతంత్రి ఒకటి అని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీన్ని సహజ పదార్థం అని పిలిస్తే, ఆ మాటలను ఎన్నుకొని కూర్చినవాళ్ల తెలివినంతా ఒక పురుగుకు కట్టబెట్టినట్టు అవుతుంది. 1982లో బ్యాక్టీరియాలో తయారైన మనిషి ఇన్సులిన్ అనుమతి పొందినప్పటి నుంచి, పశువుల క్లోమాల నుంచి తీసిన సహజ ఇన్సులిన్ క్రమంగా తెరమరుగైంది. దాని కోసం ఏ రోగీ చింతించినట్టు నేను వినలేదు.

రెండో మోజు అంకె మీద. 97 శాతం అన్న అంకెను చూసినవాళ్లు మోకాలి చిప్ప నుంచి గుండె దాకా అన్నిటికీ ఇదే మందు అన్నట్టు మాట్లాడతారు. మడమ కింద కొవ్వు మెత్తను తీసుకోండి. అడుగు వేసినప్పుడు అది దెబ్బను మింగాలి. 97 శాతం వెనక్కు ఇచ్చే మడమతో నడిచేవాడు బంతిలా ఎగురుతూ పోవాలి, ఆ ప్రతి ఎగురూ వెన్నుపూసలకు తగలాలి. మోకాలిలోని మెత్తకు కూడా నొక్కుడును తట్టుకొనే బలం, దెబ్బను పంచే గుణం ముఖ్యం; రెసిలిన్ బలహీనమైన పదార్థం, అక్కడ నలిగిపోతుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, సంగతి వేరు. అక్కడ తిరిగి ఇచ్చే గుణం నిజంగా కావాలి. కానీ నిమిషానికి 70 కొట్టుకునే గుండె ఏడాదికి 3 కోట్ల 60 లక్షలకు పైగా కొట్టుకుంటుంది, అక్కడ పెట్టిన పదార్థం ఒక్కసారి తెగినా రెండో అవకాశం ఉండదు. స్వరతంత్రిలో మాత్రం, టిట్జె చెప్పినట్టు, వృథా అయ్యే ప్రతి శాతానికీ మనిషి ఊపిరితో మూల్యం చెల్లిస్తాడు. కదలిక చిన్నది, వేగం ఎక్కువ, చోటు ఎప్పుడూ తడిగా ఉంటుంది, పెట్టింది కుదరకపోయినా ప్రాణం పోదు. రెసిలిన్ కోరే షరతులన్నీ దొరికే చోటు శరీరంలో ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. నాకు గొంతు పోయింది కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకోవచ్చు; కొంత నిజమే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మన స్వరతంత్రిలో ఉన్నది ఎలాస్టిన్. రెసిలిన్ మన ఒంట్లో ఎక్కడా లేదు. మనిషి ప్రొటీన్ ఉండగా పురుగు ప్రొటీన్ ఎందుకు? మనిషి ఎలాస్టిన్ వరుసలను కూడా బ్యాక్టీరియాలో తయారుచేస్తున్నారు, దాని మీద పని రెసిలిన్ కన్నా చాలా ముందే మొదలైంది, శరీరం దాన్ని పరాయిదిగా చూసే భయమూ తక్కువ. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే పెద్దవాళ్ల శరీరం ఎలాస్టిన్‌ను కొత్తగా దాదాపు తయారుచేయదు. పుట్టక ముందు, చిన్నతనంలో వేసుకున్నదే జీవితాంతం నడుస్తుంది. అంటే మచ్చ పడిన చోట అసలు నిర్మాణాన్ని మళ్లీ లేపడం శరీరానికే చేతకాని పని. మనం అక్కడ చేయగలిగింది ప్రకృతిని అచ్చు దించడం కాదు, దాని బదులు పని నడిపించడం. బదులుగా వచ్చేవాడు ఆ ఊరివాడే కావాలన్న నియమం లేదు, పని వస్తే చాలు. రెండిటి వరుసలనూ ఒకే గొలుసులో కలిపి రాసే పనీ జరుగుతున్నది. బహుశా జవాబు అటువైపే ఉంటుంది.

పట్టు ఇక్కడ కూడా నాకు ముందు నడిచింది. ఫైబ్రోయిన్‌ను సన్నని కణాలుగా చేసి హైలూరోనిక్ ఆమ్లం అనే జిగట పదార్థంలో కలిపి స్వరతంత్రిలోకి సూదితో ఎక్కించే పదార్థానికి అమెరికాలో ఇప్పటికే అనుమతి వచ్చింది. ఈ వార్త చెబితే మా చిన్నాయన మీసం దువ్వుకున్నాడు. కానీ దాని పని వేరు. నరం దెబ్బతిని ఒక స్వరతంత్రి పక్కకు తొలగిపోయినవారిలో, దాన్ని ఉబ్బించి మధ్యకు నెట్టడానికి అది. పట్టు చోటు నింపుతుంది, నిలబడుతుంది. అలను మోయడం దాని స్వభావం కాదు. నాకు లోపించింది చోటు కాదు, అల.

ఇక ప్రయోగశాలకూ గొంతుకూ మధ్య దారి. రెసిలిన్‌తో చేసిన ఏ వైద్య పదార్థమూ ఇంకా ఆస్పత్రి అలమరలోకి రాలేదు, దానికి కారణాలు పత్రికల్లో రాసేంత ఆకర్షణీయమైనవి కావు. ఈ.కోలై బయటి పొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. రవ్వంత ఒంట్లోకి పోయినా చలిజ్వరం వస్తుంది. ప్రొటీన్‌ను దాని నుంచి విడదీయడం, విడిపోయిందని నిరూపించడం ఖర్చుతో కూడిన పని. ఆ నిరూపణకు దశాబ్దాలుగా వాడుతున్నది గుర్రపుడెక్క పీత నీలి రక్తం. కీటకాలకు దూరపు చుట్టమైన ఆ జీవి ఒడిశా తీరంలోనూ ఉంది, ఇప్పుడు దానికి బదులు ప్రయోగశాలలో తయారైన కారకం కూడా వచ్చింది. తర్వాత, గట్టిపరచడానికి వాడిన రుథేనియం, ఆక్సీకరణ రసాయనాలు కణాలకు మంచివి కావు. ఎంజైములతో ముడులు వేసే పద్ధతులు ఉన్నాయి గానీ ప్రతి పద్ధతికీ మెత్తదనం, వేగం, ముడుల సంఖ్య మారిపోతాయి. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తర్వాత ఏమంటుందో ఏళ్లు గడిస్తేనే తెలుస్తుంది. 1960లలో స్వరతంత్రిలోకి టెఫ్లాన్ ముద్దను ఎక్కించడం మొదలుపెట్టినప్పుడు, అది దేనితోనూ చర్య జరపదని డాక్టర్లు నమ్మారు. కొందరిలో ఏళ్ల తర్వాత దాని చుట్టూ గడ్డలు కట్టి, గొంతు మునుపటికన్నా బిగుసుకుపోయి, తీయడానికి మళ్లీ కత్తి పట్టవలసి వచ్చింది. ఈ ఒక్క కథ చాలు, నేను తొందరపడకుండా ఉండడానికి.

నా స్నేహితుడొకడు, మంచి మనసున్నవాడే, ఇంకో మాట అన్నాడు. బోరుబావులు ఎండిపోయే జిల్లాలో, డయాలసిస్ మంచానికి వరుసలో నిలబడే మనుషులున్న చోట, గొంతు మచ్చకు మిడత ప్రొటీన్ అనడం విలాసం కాదా అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, మాట పెగలక. ఇప్పుడు రాస్తున్నాను. గొంతుతో బతికేవాళ్లను ఒకసారి లెక్కపెట్టమనండి. బస్సు కండక్టర్లు, పాత ఊరి సందుల్లో ధర చెబుతూ తిరిగేవాళ్లు, వేరుశనగ మండీలో వేలంపాట పాడే దళారులు, అంగన్‌వాడీ టీచర్లు, బుర్రకథ చెప్పేవాళ్లు, నాలాంటి మాస్టర్లు. వీళ్లలో ఎవరి గొంతు పోయినా జబ్బుగా కూడా నమోదు కాదు. ‘జలుబు చేసిందేమో’ అంటారు. నేను సెలవు పెట్టినప్పుడు కూడా కారణం అన్న గడిలో జ్వరం అని రాయమన్నారు, గొంతు అని రాస్తే బాగుండదని. కనిపించని జబ్బుకు మందు వెతకడం విలాసంలా కనిపించడంలో వింత లేదు.

అదే స్నేహితుడు, ఇంకో రోజు మనసు మార్చుకొని, అయితే మన దగ్గర మిడతల పెంపకం పెడదామా, కేంద్రం సబ్సిడీ ఇస్తుందేమో అన్నాడు. మిడతతో పనిలేదని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కావలసింది పెంపకం కాదు. ప్రొటీన్‌ను శుద్ధి చేయడం, కొలవడం వచ్చిన చేతులు. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. పట్టుగూటిని గాఢమైన లవణ ద్రావణంలో కరిగించి ఫైబ్రోయిన్‌ను బయటకు తీయడం చిన్న ప్రయోగశాలలో కూడా నేర్పగలిగిన పని. మా పిల్లలతో ఈ ఏడాది ఆ మొదటి మెట్టు చేయించాను. చిన్నాయన ఇచ్చిన, ధర పలకని మచ్చ గూళ్లను కత్తిరించి, సోడాలో అరగంట ఉడికించి, జిగురు పోయాక ఆరబెట్టి తూచారు. నాలుగో వంతు బరువు తగ్గింది. ఆ తగ్గినదంతా ఏమిటని ఒక అమ్మాయి అడిగింది. పట్టు ఒంటికి పడకుండా చేసేది అదేనమ్మా అని బోర్డు మీద రాశాను.

పోయిన నెల డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లాను. మెరిసి ఆరే దీపంతో స్వరతంత్రుల కదలికను నెమ్మదిగా చూపించే స్ట్రోబోస్కోపీ చేశారు. తెరమీద కుడివైపు మడత అలలా లేస్తోంది, ఎడమవైపుది మచ్చ దాకా వచ్చి ఆగుతోంది. రెసిలిన్ గురించి నేను రాసుకెళ్లిన కాగితం ఆయన ఓపికగా చదివి, “ఇవి వచ్చేదాకా మీరు స్వర వ్యాయామాలు మానొద్దు” అన్నారు. రోజుకు రెండుసార్లు, నీళ్ల గ్లాసులో గొట్టం పెట్టి ఊదుతూ సన్నగా స్వరం తీస్తున్నాను. తరగతిలో చొక్కాకు తగిలించుకునే మైకు కొన్నాను. దాని బ్యాటరీ రెండో పీరియడు దాటి రావడం లేదు.